గవర్రాజు పెద్ద ఫోను

తెలివిని దేవుడు ముందు తమ ఇంటి మగాళ్ళకి పంచి, మిగిలిందే లోకానికి పంపాడని గవర్రాజు గట్టి నమ్మకం. తమ్ముడు చిట్టెయ్యకీ అదే నమ్మకం, అన్నయ్య చెప్పాడు కాబట్టి. కోనసీమలో ఇద్దరూ కొబ్బరి చీపుళ్ళు కట్టేవాళ్ళు. గవర్రాజు భార్య మంగతాయారు అప్పడాలు ఒత్తి, అద్దం పగిలిన పాత ఫోనుతో కాకినాడ దాకా అమ్మేది. ఆడవాళ్ళకి ఫోను కబుర్లకే గానీ, అదో యంత్రమని తెలిసేది మగాడికేనని గవర్రాజు అనేవాడు. ఆవిడ అప్పడాలేమో ఒత్తినవి ఒత్తినట్టే పోయేవి. ఈయన చీపుళ్ళేమో షెడ్డులో కప్పుదాకా పేరుకున్నాయి.

శుక్రవారానికి చీపుళ్ళు కదలకపోతే షెడ్డులో అప్పడాలు పెట్టుకుంటానంది మంగతాయారు. గవర్రాజుకి బెంగ పట్టుకుంది. షెడ్డు పోతే ఊళ్ళో తనని షావుకారు అనేదెవరు?

ఇంకేముంది, ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద ఫోను కొనుక్కొచ్చాడు. కొత్త వస్తువు కదా, పసుపు రాశాడు. దిష్టి తగిలేది కంటికే కాబట్టి సరిగ్గా కెమెరా కంటిమీద ఇంత కుంకుమబొట్టు పెట్టాడు. అంతే, అమ్మకానికి పెడదామని తీసిన ప్రతి ఫొటోలోనూ చీపుళ్ళు ఎర్రగా వచ్చాయి. వదినని అడుగుదామన్నాడు చిట్టెయ్య. అప్పడాలు ఒత్తే చేతులకి యంత్రాల సంగతేం తెలుస్తుందిరా అని కసిరాడు గవర్రాజు. అంత ఖరీదైన ఫోను అబద్ధం చెప్పదు కాబట్టి తేడా చీపుళ్ళలోనే ఉందని తేల్చి, రెండు బకెట్ల ఎర్రరంగు కలిపి అన్నిటికీ పూశారు.

పూసి వాకిట్లో ఆరబెట్టారో లేదో, వాన మొదలైంది. తీసి లోపల పెడదామా అన్నాడు చిట్టెయ్య. గవర్రాజు ఫోను చూశాడు. ఫోనులో వాతావరణం చూపించే చోట సూర్యుడు వెలిగిపోతున్నాడు. ఎండలో ఆరేవాటిని ఎవడైనా తీస్తాడా? అన్నదమ్ములిద్దరూ తడిసి ముద్దవుతూ, ఈ ఎండకి సాయంత్రానికల్లా ఆరిపోతాయని చెప్పుకున్నారు. రంగంతా కాలవలోకి పోయింది.

గవర్రాజుకి ఏడుపొక్కటే తక్కువ. మగతనం కాస్త పక్కనపెట్టి, నీ కిటుకేమిటే అని పెళ్ళాన్ని అడిగాడు.

"కిటుకేముందండీ? అడిగినదానికి జవాబు చెప్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అంతే," అంది మంగతాయారు. జాలిపడి, తన దగ్గర అప్పడాలు కొనే రాజమండ్రి వ్యాపారికి మొగుడి నంబరు కూడా ఇచ్చింది. ఆయనకి ఐదువేల చీపుళ్ళు కావాలిట.

శుక్రవారం పొద్దున్నే ఫోను మోగింది. చీపుళ్ళున్నాయా అన్నాడు వ్యాపారి. ఉన్నాయని చెప్పి పెట్టేశాడు గవర్రాజు. అడిగింది అయిపోయింది కదా. ఆయన మళ్ళీ చేసి, ఎలా ఉన్నాయన్నాడు. తడిసి ఉన్నాయని పెట్టేశాడు. పాపం ఆయన ఓపిక గలవాడు, మూడోసారీ చేసి, మరి పొడివి మీ వైపు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగాడు. గవర్రాజు పక్కూరి వీర్రాఘవులు పేరు, నంబరు, ఇంటికెళ్ళే దారితో సహా చెప్పి, ఛాతీ విరుచుకుని ఫోను పెట్టేశాడు.

అప్పడాల పళ్ళెం పట్టుకుని మంగతాయారు వచ్చింది. ఆర్డరొచ్చిందా అని ఆత్రంగా అడిగింది.

"రాకేం? వచ్చింది. వీర్రాఘవులుకి పంపించేశాను," అన్నాడు గవర్రాజు. "నువ్వు చెప్పినట్టే చేశానే. ఒక్క జవాబూ తప్పు పోలేదు."