గొంగడి పరిచిన పెట్టె

బీరయ్య మంద ఏ చేనులో ఆగితే ఆ చేనే దాని ఊరు. గొర్రెల పెంట చేనుకు ఎరువని రైతులు మందను పిలుస్తారు. గొర్రెలు అక్కడ కొన్ని రాత్రులు పడుకుని ఇంకో చేనికి కదులుతాయి. ఇన్ని చోట్లు మారే మందకు కాపలా ఒకే ఒక్క ముసలి కుక్క, బూదమ్మ. బూడిద రంగు ఒళ్లు, అరిగిన పళ్లు. ఈమధ్య చూపు కూడా మందగించింది. అందుకే బీరయ్య గుండు అనే కుక్కపిల్లను తెచ్చాడు. మామిడిపండ్ల చెక్కపెట్టెకు తడిక తలుపు బిగించి, రాత్రిళ్లు వాణ్ని అందులో పడుకోబెట్టాలనుకున్నాడు. తప్పదు మరి. ఇంతకుముందు తెచ్చిన పిల్ల ఆరుబయట పడుకుంటే నక్క ఎత్తుకుపోయింది.

గుండు పెట్టెను చూసి వెనక్కి నడిచాడు. మందలోని పెద్ద పొట్టేలుకు ఓపిక తక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ వాణ్ని తలతో లోపలికి తోసి, కొమ్ములతో తలుపు మూసి, దానికి ఆనుకుని పడుకుంది. గుండు ఏడ్చిన ఏడుపుకు గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. పొద్దున్నే బీరయ్య కళ్లు నులుముకుంటూ, వీడు ఇలాగే ఏడిస్తే సంతలో ఎవరికో ఇచ్చేస్తానన్నాడు.

బూదమ్మకు ఒళ్లు మండింది. కర్రదెబ్బలు తింటూ పని నేర్చుకున్న కుక్క ఆమె. భయపెట్టి నేర్పితే భయం తప్ప ఇంకేమీ మిగలదని ఆమె వీపుకు తెలుసు.

"చూశావా అక్కా, వాడికి బుద్ధి లేదు," అంది పొట్టేలు.

"లేనిది నీకు. వంచడమంటే విరవడమనుకున్నావు. తలుపు వదిలి అవతలికి పో."

పొట్టేలు గొణుక్కుంటూ పోయింది. బూదమ్మ తాను ఏళ్లుగా పడుకున్న గొంగడి ముక్కను ఈడ్చుకొచ్చి పెట్టెలో పరిచింది. తన వాటా జొన్నరొట్టె ముక్కను గడప దగ్గర పెట్టి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి పడుకుంది. గుండు రొట్టె లాక్కుని పారిపోయాడు. మర్నాడు ముక్క కొంచెం లోపల దొరికింది. ఆ తర్వాత ఇంకా లోపల. ఒక మధ్యాహ్నం తిని బయటికి రావడం మరిచిపోయి గొంగడి మీదే కునుకు తీశాడు. దాంట్లో బూదమ్మ వాసన ఉంది. వాడికి తల్లి వాసన అంటే ఇక అదే.

అప్పుడు గానీ ఆమె తలుపు మూయలేదు. మూసి, వాడు గమనించేలోగా తీసింది. మరోసారి కాస్త ఆలస్యంగా తీసింది. వాడు కుయ్యోమంటే పక్కనే పడుకుంది గానీ తలుపు ముట్టుకోలేదు. జాలిపడిన పొట్టేలు తీయబోతే ఆపింది.

"ఏడుపు ఆపాక తీద్దాం. ఏడుస్తుండగా తీస్తే ఏడుపే తాళంచెవి అనుకుంటాడు."

ఇదంతా కంచె అవతలి నుంచి నక్క చూస్తూనే ఉంది. పిల్ల పెట్టెకు అలవాటు పడితే తన నోట్లో మట్టే. ఒక సాయంత్రం గుండును కంప దగ్గరికి పిలిచి, అది బోను అల్లుడా, ఏదో ఒక రోజు మూసిన తలుపు తెరుచుకోదు, మా పొదకు అసలు తలుపే లేదు, రమ్మంది. గుండు దిగులుగా వచ్చి బూదమ్మను అడిగాడు.

"అది బోనా అవ్వా?"

"అందులో పడుకునేది నువ్వు. నీ ఒళ్లేమంటోంది?"

గుండు ఆలోచించాడు. "వెచ్చగా ఉందంటోంది."

"మరి నన్నెందుకురా అడగడం?"

ఆపైన వాడి చెవిలో ఇంకో మాట చెప్పింది.

మర్నాడు బీరయ్య మందను మేతకు తోలుకుపోయాడు. కాలు బెణికిందని పొట్టేలు చేనులోనే ఉండిపోయింది. బూదమ్మ పెట్టె వెనక నిద్ర నటిస్తోంది. ఇదే అదనని నక్క కంప దాటి వచ్చింది. గుండు దానికి ఎదురొచ్చాడు.

"వస్తాను మామా. కానీ నా గొంగడి లేకపోతే నిద్ర పట్టదు. మూలకు ఇరుక్కుంది, నా బలం చాలడం లేదు. కాస్త లాగిపెట్టు."

గుడ్డపేలికకు కుక్కపిల్ల వస్తోంది, ఇంతకంటే చవక బేరం ఎక్కడుందనుకుంది నక్క. లోపలికి దూరి గొంగడి అంచు పట్టుకుంది. బూదమ్మ లేచి ఒక్క తోపు తోసేసరికి తలుపు దడాలున పడింది. పొట్టేలు వచ్చి దానికి ఆనుకుని తీరిగ్గా నెమరు వేయసాగింది.

నక్క తిట్టింది, బతిమాలింది, గొంగడి పీకింది. గుండు తడికలోంచి తొంగి చూశాడు.

"తొందరగా తెమిలిరా మామా. నాకు పడుకునే వేళయింది."

"నువ్వు చెప్పింది అబద్ధం కాదులే," అంది బూదమ్మ నక్కతో. "నీకది బోనే."

బీరయ్య వచ్చి తలుపు తీసి, నక్క నడుం మీద ఒక్కటి వేశాడు. నక్క వెనక్కి చూడకుండా గుట్టలు పట్టింది. సంత మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

గుండు పెట్టెలోకి పోయి, నక్క వాసనకు తుమ్మి, చిరిగిన గొంగడిని కాళ్లతో సర్దుకుని ముడుచుకున్నాడు.

"అవ్వా, తలుపు వేసెయ్. గాలి తగులుతోంది."

నీతి: భయపెట్టి తోస్తే ఇల్లూ బోనే; నమ్మించి పిలిస్తే పెట్టె కూడా ఇల్లే.