దీనమ్మ దర్బారుకెళ్లిన కథ

అనగనగా, అల ఎగిరితే గుమ్మంలో తుంపర పడేంత దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఒక పేట. చుట్టూ ఎన్ని నీళ్లో! తాగడానికి మాత్రం చుక్క లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క మంచినీళ్ల బావి. పేటంతా ప్రభువును నమ్ముకున్నవాళ్లే.

ఆ పేటలో దీనమ్మ అని ఒక కొత్తకోడలు. పనిలో చురుకు, మనసు వెన్న. కానీ నత్తి. పక్కింట్లో ఉప్పు అడగబోయి ఉ... ఉ... అంటుండగానే ఇంట్లో కూర మాడిపోయేది. నవ్వకండర్రా! ఆ పిల్ల ఎంత ఏడ్చేదో మీకేం తెలుసు. అందుకే ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒకరోజు పొద్దున్నే భటులొచ్చి బావి చుట్టూ కంచె కట్టేశారు. ఈ నీళ్లు ఇకమీదట రాజుగారి గుర్రాలకేనట! రాజుగారి ఆజ్ఞట! మంత్రిగారు చెప్పారట! ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, ఇప్పుడే అసలు సంగతి.

దీనమ్మ మొగుడు తీతు. పడవని ఒక్కడే ఇసకలోకి లాగేసేవాడు, అంత బలం. నేను చూసుకుంటానని వెళ్లి కంచె పీకబోయాడు. పదిమంది భటులు మీదపడ్డారు. చెయ్యి విరిగి ఇంటికొచ్చాడు. తర్వాత యాకోబు మేస్త్రి దర్బారుకి వెళ్లాడు. మహా మాటకారి. ఆయన ఒకటంటే మంత్రి పదన్నాడు, ఆయన పదంటే మంత్రి వందన్నాడు. ఆఖరికి తప్పు మాదేనని దణ్ణం పెట్టి వచ్చేశాడు, పాపం!

బలమున్నోడు వెళ్లాడు, విరిగొచ్చాడు. మాటున్నోడు వెళ్లాడు, మూగై వచ్చాడు. ఇంకెవరు వెళ్తారు? ఎవరూ లేవలేదు. మూడోరోజుకి దీనమ్మ అత్త రూతమ్మకి నాలుక పిడచకట్టుకుపోయింది. ఖాళీ చెంబుని నోటిదగ్గర పెట్టుకుని, మళ్లీ కింద పెట్టేసింది. అది దీనమ్మ చూసింది.

గబగబా మోకాళ్లేసింది. ప్రభువా, నా నత్తి పోగొట్టు, నేనే వెళ్తాను అంది. లేచి నీళ్లు అనబోయింది. నీ... నీ... అనే వచ్చింది! మళ్లీ మోకాళ్లేసింది. మళ్లీ నీ... నీ...! మూడోసారీ అంతే. అప్పుడేమందో తెలుసా? సరే ప్రభువా, ఇదే నోరు. నువ్వు తోడు రా, చాలు అంది. భయం పోయిందా? పోలేదు. కాళ్లు వణికాయా? గడగడా వణికాయి. ఆ వణికే కాళ్లతోనే ఇసక దాటింది, ఉప్పుమడులు దాటింది, సరుగుడు తోట దాటింది, కోట గుమ్మంలో నిలబడింది!

దర్బారు నిండా జనం. సింహాసనం మీద రాజుగారు పెదవులు బిగించి కూచున్నారు. ఆయన ఎన్నడూ నోరు తెరవరు. మంత్రే ఆయన నోటి దగ్గర చెవి పెట్టినట్టు వంగి, రాజుగారు ఇలా సెలవిచ్చారని చెబుతాడు.

దీనమ్మ మొదలెట్టింది. మా... మా... మా బా... బావి మూ... మూశా... దర్బారంతా గొల్లుమంది! మంత్రి కడుపు పట్టుకుని నవ్వుతూ, పేటలో మనుషులు లేక మేకపిల్లని పంపారన్నాడు. దీనమ్మ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా ఆగలేదర్రా! మంత్రిని చూడలేదు, రాజుగారినే చూసింది.

“నా నో... నోరింతే, మహారాజా. ఈ నోటితోనే ప్రా... ప్రార్థన చేస్తాను. దేవుడు వి... విసుక్కోకుండా ఆఖరిదాకా వింటాడు. మీ... మీరూ వినండి.”

అంతే! రాజుగారు దిగ్గున లేచారు! మంత్రి వద్దు ప్రభూ, వద్దని చెయ్యి పట్టుకోబోయాడు. ఒక్క విదిలింపు విదిలించారు. నోరు తెరిచారు!

“బా... బా... బావి మూ... మూయమని నే... నేనెప్పుడన్నాను?”

ఆఁ! రాజుగారికీ నత్తే! నత్తి రాజంటే జనం నవ్వుతారని చిన్నప్పట్నించీ భయపెట్టి, ఆయన నోరు కట్టేసి, తన మాటే రాజు మాటని నడిపించేశాడు ఆ మంత్రి. ఇప్పుడు దర్బారులో ఒక్కడు నవ్వితే ఒట్టు!

రాజుగారు మెట్లు దిగొచ్చి, ఇంతమందిలో మాట్లాడ్డానికి నీకు సిగ్గనిపించలేదా తల్లీ అని తడబడుతూనే అడిగారు.

“సి... సిగ్గే, మహారాజా. భయం కూడా. నా బలం మా ఇం... ఇంటి గుమ్మంలోనే అయిపోయింది. ఇక్కడిదాకా న... నడిపించింది నా ప్రభువు బలం.”

రాజుగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సాయంత్రమే కంచె పీకించారు. తీతుకి వైద్యుణ్ణి పంపారు. మంత్రిచేత నెల్లాళ్లు పేటలో ఇంటింటికీ నీళ్లు మోయించారు, అదీ నోరు మెదపకుండా! ఆనాటినుంచి జనం కష్టాలు రాజుగారే విన్నారు, జవాబు రాజుగారే చెప్పారు. ఎంతసేపు పడితే అంతసేపు, జనం ఓపిగ్గా నిలబడ్డారు.

దీనమ్మ నత్తి పోయిందా అంటావా చిట్టీ? పోలేదమ్మా. ఆదివారం గుడిలో ఆవిడ ప్రార్థన చేస్తే గంట పట్టేది. ఒక్కళ్లూ లేచి వెళ్లేవాళ్లు కాదు. కాబట్టి నాన్నలూ, నాలో ఫలానా లోటుందని మూల దాక్కోకండి. దేవుడు వచ్చి చెయ్యేసి పట్టుకునేది సరిగ్గా ఆ లోటు దగ్గరే.

ఇంక కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం పదండి!