పైకి వెళ్ళని మాట

ప్రభుదాసు మా ఇంటికి నాలుగోసారి వచ్చాడు. నాలుగోసారి కూడా లోపం దొరకలేదు. అతనికి విసుగొచ్చింది.

చీరాలలో మా వీధికి టీవీ, ఇంటర్నెట్టు ఒకే కేబులు మీద వస్తాయి. ఆ లైన్లు చూసేది ప్రభుదాసు. ముప్పై నాలుగేళ్ళవాడు, డిప్లొమా చదివాడు. ఊళ్ళో మొదటి కేబులు లాగిన పెద్దాయన, మస్తాన్ వలీ గారు, అతనికి గురువు. ఆయన వెనక ఆరేళ్ళు నిచ్చెన మోశాడు. నేర్చుకోవాల్సింది అయిపోయిందని ఈ మధ్య అతనికి అనిపిస్తోంది. గురువుగారిది అంచనా, నాది లెక్క, అని మీటరు చూపించేవాడు.

ఆ రోజూ మీటరు చూపించాడు. డౌన్‌లోడ్ తొంభై ఆరు. అప్‌లోడ్ పద్దెనిమిది. రెండూ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి వచ్చి చూడమన్నాను. అలా అడగడం కూడా నాలుగోసారే. అతను ఎప్పుడూ పొద్దున పదకొండింటికే వస్తాడు. ఇంటర్నెట్టు గడియారం చూసుకుని పాడవదు మేడం, అన్నాడు. మోడెమ్ మార్చాం, లోపలి వైరు మార్చాం, ఇక మార్చాల్సింది ఇల్లొక్కటే, అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మా అమ్మాయి మృదులకి పదిహేడేళ్ళు. శ్రావణంలో మెదడువాపు జ్వరం వచ్చింది. బతికింది. జ్వరం పోతూ పోతూ మాట పట్టుకుపోయింది. దానికి అన్నీ తెలుసు. చెప్పబోతే నోరు తిరగదు.

హైదరాబాదులో విశారద మేడం అని ఒకావిడ, ఇలాంటి పిల్లలకి మళ్ళీ మాట నేర్పుతుంది. రోజూ నాలుగింటికి వీడియోలో ముప్పావు గంట. పిల్ల పెదవులు ఎలా కదులుతున్నాయో ఆవిడ చూడాలి, పలుకు వినాలి. ఆరు నెలలదాకా బస్సూ రైలూ ఎక్కించొద్దని డాక్టర్లు చెప్పారు. మా ఇంట్లో ఫోను సిగ్నల్ ఒక్క గీతే. డాబా ఎక్కితే వస్తుంది, కాని ఆ వెలుతురికి మృదులకి తలనొప్పి. ఆ కేబులొక్కటే మాకు దారి.

మొదట్లో బాగానే నడిచింది. అమ్మ అంది. అరటి అంది. దసరా వెళ్ళాక బొమ్మ ఆగిపోవడం మొదలైంది. విశారద మేడం మాకు చక్కగానే కనబడేది, చక్కగానే వినబడేది. మేమే ఆవిడకి అందేవాళ్ళం కాదు.

"మళ్ళీ చెప్పమ్మా," అనేది ఆవిడ.

మృదుల మళ్ళీ చెప్పేది.

"ఇంకొక్కసారి."

చెప్పేది. పది రోజులు చెప్పింది. ఆ తర్వాత మానేసింది. నాలుగవుతోందంటే దుప్పటి ముసుగు పెట్టి పడుకునేది. కుర్చీలో కూచోబెడితే పెదవులు బిగించుకునేది.

ఆవిడ మంచిదే. వరసలో ఇంకా పిల్లలున్నారు. సోమవారం ఒక్కరోజు చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే ఈ నాలుగింటి వేళ ఇంకో బిడ్డకి ఇస్తాను, మీకు ప్రయాణం కుదిరాక వద్దురుగాని, అంది. అంటే వేసవికి. అప్పటిదాకా ఆగితే అది ఇక నోరు తెరవదని నాకు తెలుసు.

శనివారం కేబులు ఆఫీసుకి వెళ్ళాను.

మస్తాన్ గారు నేల మీద కూచుని వైరు ముక్కల కొసలు కత్తిరిస్తున్నారు. గబగబా చెప్పేద్దామనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆయన చాప మీద చోటిచ్చి, సీసాలో నీళ్ళిచ్చారు. నేను తేరుకునేదాకా వైరు కొసలు కత్తిరిస్తూనే ఉన్నారు.

తర్వాత రెండే అడిగారు. ఏ వేళకి, అన్నారు. నాలుగింటికి అన్నాను. అవతలివాళ్ళు మీకు బాగా కనబడుతూ, మీరు వాళ్ళకి కనబడకుండా పోతారా, అన్నారు. అంతే బాబుగారూ, అన్నాను.

ప్రభుదాసు అక్కడే ఉన్నాడు. తను చూసినవన్నీ వరసగా చెప్పాడు. చివర్న కొంచెం గొంతు తగ్గించాడు.

"లైన్లో ఏం లేదు గురువుగారూ. ఆ పాపకి మాట సరిగ్గా రాదు. అవతలావిడకి అర్థంగాక మళ్ళీ మళ్ళీ అడుగుతుందేమో."

చెడ్డగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నేను నేలవైపు చూశాను.

మస్తాన్ గారు కత్తెర పక్కన పెట్టారు. "రేపు నాలుగింటికి నాతో వస్తావా అబ్బాయ్?"

రేపు ఆదివారం గురువుగారూ, అన్నాడు ప్రభుదాసు. తెలుసు, అన్నారాయన.

నాలుగింటికి పావుగంట ముందే ఇద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చారు. ఆదివారం మృదులకి పాఠం లేదు. లోపల పడుకునుంది. ప్రభుదాసు సంచిలోంచి మీటరు తీశాడు. లోపల పెట్టెయ్యమన్నారు మస్తాన్ గారు. పిల్ల ఎక్కడ కూచుంటుందని నన్నడిగారు. చూపించాను.

"అందులో కూచో," అన్నారు అతనితో.

కూచున్నాడు. అది మృదుల చిన్నప్పటి చదువుకునే కుర్చీ, అతనికి ఇరుకు. గురువుగారు స్కూలుకి పంపిస్తున్నారు, అని నావైపు చూసి నవ్వాడు. బల్లమీద మృదుల మాటల కాగితం ఉంది. మస్తాన్ గారు అది ఒకసారి చదివి, మడిచి అక్కడే పెట్టి, బయటికి వెళ్ళిపోయారు. మెయిన్ రోడ్డు మీద ఫోనుకి సిగ్నల్ బాగుంటుంది. అక్కణ్ణించి వీడియోలో పిలిచారు.

నాలుగైంది. మునిసిపాలిటీ నీళ్ళు వదిలారు. వీధిలో మోటర్లన్నీ మొదలయ్యాయి.

తెరమీద మస్తాన్ గారు స్పష్టంగా కనబడుతున్నారు. వెనక టీకొట్టు, కొట్టువాడు గ్లాసులు కడగడం కూడా కనబడుతోంది.

"కొబ్బరి అను."

"కొబ్బరి."

"మళ్ళీ."

"కొబ్బరి."

"మళ్ళీ చెప్పు."

మొదటి మూడుసార్లు నవ్వుతూ అన్నాడు. నాలుగోసారి ముందుకు వంగి అన్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు అన్నాడు. చేత్తో మూతి తుడుచుకున్నాడు. అవతల ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నారు. ఆటకి చెయ్యడంలేదు. నిజంగానే అందడంలేదు.

"గురువుగారూ, నేను సరిగ్గానే అంటున్నాగా!"

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

ప్రభుదాసు నావైపు తిరిగాడు. సరిగ్గానే అన్నాడని నేను చెప్పాలన్నట్టు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు చూశాను, గుమ్మంలో మృదుల నిలబడుంది. మగగొంతు విని లేచొచ్చినట్టుంది. ఎప్పటినుంచి చూస్తోందో.

ఇంకోసారి చెప్పమన్నారు మస్తాన్ గారు. ప్రభుదాసు చెప్పలేదు. పెదవులు బిగించుకుని కూచున్నాడు.

ఆ కుర్చీలో అలా కూచోవడం నేను ఇరవై రోజులుగా చూస్తున్నాను. సరిగ్గా పలుకు తల్లీ, కొంచెం శ్రద్ధ పెట్టు, అని నేనే ఎన్నిసార్లు అన్నానో.

మృదుల వచ్చి కుర్చీ వెనక నిలబడింది. ప్రభుదాసుని చూసింది, తెరని చూసింది. నోరు తెరిచింది. చాలాసేపు పట్టింది.

"కొ... బ్బరి," అంది.

నీ మాట నాకు వినబడింది, అని అతనికి చెప్పడం అది.

తెరమీద మస్తాన్ గారు ఇంకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ఉన్నారు. ఆయనకి ఇదీ అందలేదు.

ప్రభుదాసు లేచాడు. ఆ కుర్చీ మృదుల వైపు జరిపాడు. మీటరు తియ్యలేదు. నడి హాల్లో నిలబడి చెవులు రిక్కించాడు.

"ఈ మోటర్లు రోజూ ఈ వేళకేనా అక్కా?"

అప్పటిదాకా నన్ను మేడం అనేవాడు. రోజూ ఈ వేళకే, అన్నాను.

అతను వెళ్ళి, వీధిలో నిచ్చెన అడిగి తెచ్చి, మా ఎదుటి కరెంటు స్తంభానికి వేశాడు. దానిమీద కేబులు పెట్టె ఉంది, అందులోంచి ఎనిమిది ఇళ్ళకి తీగలు పోతాయి. మాది వదిలేసి మిగతావి ఒక్కోటి విప్పి, చూసి, మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పినప్పుడల్లా కిందికి కేకేస్తే, నేను లోపలికి కేకేసేదాన్ని. కుర్చీలో మృదుల కూచుంది. తెరమీద మస్తాన్ గారు, ఇంకా అందడంలేదని, తల అడ్డంగా ఊపేవారు. నాలుగు తీగలయ్యాయి. అయిదోది విప్పగానే ఆయన చెవి దగ్గరి చెయ్యి కిందికి దించారు.

"ఇప్పుడు కనబడుతున్నావు తల్లీ," అన్నారు మృదులతో.

ఆ అయిదో తీగ కోటేశ్వరమ్మ గారింటిది. మాకు మూడిళ్ళ అవతల. దసరాకి వాళ్ళు కేబులు తీసేసి డిష్ పెట్టించుకున్నారు. ప్రభుదాసు తీగ వెంబడే నడిచి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాడు, వెనకాలే నేనూ వెళ్ళాను. తీగ గోడ దిగి, పెరటికి అడ్డంగా పోయి, నీళ్ళ మోటరు పక్కనే, కొస విప్పి వేలాడుతోంది. దానిమీద రెండు మసిగుడ్డలు ఆరేసున్నాయి.

"నువ్వే గదయ్యా టీవీ దగ్గరి పెట్టె పట్టుకుపోయి ఇది నాకు వదిలిపెట్టింది," అంది కోటేశ్వరమ్మ గారు. "గుడ్డలారేసుకోడానికి ఇచ్చావనుకున్నా."

ప్రభుదాసు ఆ గుడ్డలు తీసి, మడతపెట్టి, ఆవిడ చేతికిచ్చాడు.

తిరిగొస్తూ నాకు చెప్పాడు. మనకి వచ్చేది ఒక్కచోటి నుంచే వస్తుందట. మననుంచి పోయేది మాత్రం వీధిలో అందరిదీ కలిసి, ఒకే దారిన పోతుందట. ఎక్కడో ఒక్క తీగ కొస తెరిచి ఉన్నా, పక్కనున్న మోటరు రొద అందులో పడి, అందరి మాటా ముంచేస్తుందట. పాత మోటరైతే మరీనట. ఆ రోజు తీగ పైనుంచే విప్పెయ్యాల్సింది అక్కా, నిచ్చెన తేవడానికి బద్ధకించాను, అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

మస్తాన్ గారు అప్పటికి స్తంభం దగ్గరికొచ్చి నిలబడున్నారు. ప్రభుదాసు ఆయనకీ అదే చెప్పాడు. ఆయన జేబులోంచి చిటికెన వేలి గోరంత ఇత్తడి మూత తీసి అతని చేతిలో పెట్టారు.

ప్రభుదాసు నిచ్చెనెక్కాడు. ఆ తీగ పీకేసి, పెట్టెలో ఖాళీ అయినచోట మూత బిగించాడు. దిగలేదు. మిగతా ఏడూ ఒక్కోటి పట్టి చూసి, వదులుగా ఉన్నవి బిగించాడు. ఎవరూ చెయ్యమనలేదు.

సోమవారం నాలుగింటికి మళ్ళీ ఇద్దరూ వచ్చారు. నేను పిలవలేదు. మస్తాన్ గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు, ప్రభుదాసు గోడవారగా నిలబడ్డాడు. నీళ్ళు వదిలారు. మోటర్లు మొదలయ్యాయి. మృదుల ముసుగు పెట్టలేదు. దానంతటదే వచ్చి కూచుంది.

విశారద మేడం తెరమీదికి వచ్చింది. మొదటి మాట అడిగింది. మృదుల తడబడింది, ఆగింది, చెప్పింది.

"ఆఁ. తర్వాతది," అంది విశారద మేడం.

నేను గోడకి చేరబడ్డాను.

ముప్పావు గంటలో పదకొండు మాటలు. అందులో నాలుగు తప్పు పలికింది. తప్పు పలికినప్పుడు ఆవిడ తప్పని చెప్పింది, పెదవి ఎలా పెట్టాలో చూపించింది. తప్పయినా సరే, అక్కడిదాకా చేరింది. అదే నాకు పండగ. రేపు ఇదే వేళకి, అని ఆవిడ వెళ్ళిపోయింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి, కిటికీలోంచి కనబడే ఆ స్తంభానికి పెట్టాను.

టీ తెచ్చాను. మస్తాన్ గారు నిలబడే తాగి, బాగుండమ్మా అని మృదుల తలమీద చెయ్యి పెట్టి, బయటికి వెళ్ళి స్కూటరు స్టార్టు చేశారు. ఇంకో రెండిళ్ళకి వెళ్ళాలట.

ప్రభుదాసు చెప్పులేసుకోబోయి ఆగాడు. లోపలికొచ్చి మృదుల ముందు గొంతుక్కూచున్నాడు.

"నీ మాట అటు వెళ్ళిందా అమ్మా?" అన్నాడు.

అది అతన్ని చూసింది. "వె..." అంది. ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, పలుకు రావడంలేదు. నేను అందించబోయి, పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. ప్రభుదాసు జేబులో ఫోను మోగింది. చూడకుండానే నొక్కేశాడు. అతని కళ్ళు మృదుల మొహం మీదే ఉన్నాయి.

బయట స్కూటరు కొట్టుకుంటోంది. ప్రభుదాసు వెనక్కి తిరగకుండానే, ఆగమన్నట్టు గుమ్మంవైపు చెయ్యెత్తాడు.

మస్తాన్ గారు బండి ఆపేశారు.