కొండవ్వ మాట మానేసిన రోజు

ఒకప్పుడు కొండలకి సొంత మాట ఉండేది. మనం ఒకటి అడిగితే అవి ఇంకొకటి చెప్పేవి. నచ్చకపోతే మందలించేవి కూడా.

వాటన్నిట్లో పెద్దది మబ్బుమెట్ట. కింద ఊరివాళ్ళు ఆమెని కొండవ్వ అని పిలిచేవాళ్ళు. దారి మొదట్లో ఒక నల్లబండ ఉండేది. పైకి వెళ్ళేవాళ్ళెవరైనా ఆ బండెక్కి, అవ్వా వస్తున్నాం అని కేకెయ్యాలి. ఆమె జవాబు చెప్పడం అయ్యేదాకా అక్కడే కూర్చోవాలి. అదీ పద్ధతి.

ఆ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉండేది. గడపలోకి వచ్చిన మనిషికి ముందే కాదని చెప్పకూడదు. ఇంట్లో గింజ లేకపోయినా మొదట 'రండి' అనాలి, ఆ తర్వాతే లేదనే మాట. కొండవ్వదీ ఆ ఊరే కదా. ఏ జవాబైనా 'రండి' అనే మొదలుపెట్టేది. రండి నాయనా, పడమటి దారిన రండి, తూర్పు అంచున బండ వదులైంది, అని ఇలా సాగేది. రాతినోరు కాబట్టి మాట నెమ్మది. ఒక్క జవాబు పూర్తయ్యేసరికి పొయ్యి మీద అంబలి ఉడికిపోయేది.

అంతసేపు ఎవరు కూర్చుంటారు? మొదట్లో అందరూ కూర్చున్నారు. తర్వాత ముసలివాళ్ళే మిగిలారు. ఆ తర్వాత వాళ్ళూ మానేశారు. 'రండి' అని వినపడితే చాలు, బుట్టలు నెత్తికెత్తుకుని నడిచేవాళ్ళు. రమ్మంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్ళు.

చివరిదాకా వినేది బుద్రి ఒక్కతే. కొండచీపురు కోసుకొచ్చే పిల్ల. చెంపకి చెయ్యి ఆనించుకుని బండ మీద కూర్చునేది. విని ఊరుకునేదా? ఆ బండ ఎందుకు వదులైందవ్వా, మంచు ఎక్కడ పడుకుంటుందవ్వా అని ఎదురు ప్రశ్నలు వేసేది. కొండవ్వ పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది.

కార్తీకం వెళ్ళిపోతున్న రోజులవి. చోడి కోతలు అయిపోయాయి. వాలు పొడుగునా వలిసె పూలు, ఎవరో పసుపు ఆరబోసినట్టు. తెల్లారితే లోయ నిండా పొగమంచు. అప్పుడు శిఖరమెక్కి చూస్తే కాళ్ళ కింద తెల్లటి సముద్రం, అందులోంచి తడితడిగా లేచే సూర్యుడు. ఊరి కుర్రాళ్ళకి ఏటా అదే సరదా.

ఆ ఏడు జంగు ముందు నడిచాడు. ఊరిపెద్ద సింగన్న కొడుకు. కోడి కూయగానే నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చి, బండెక్కి కేకేశాడు.

"రండి..." అంది కొండవ్వ.

అంతే, ఈలలు వేసుకుంటూ బయల్దేరారు. అప్పుడే అక్కడికొచ్చిన బుద్రి, మాట పూర్తిగా విని వెళ్ళమంది.

"నీకూ అవ్వకీ పనీపాటా లేదు మరదలా," అన్నాడు జంగు. "సూర్యుడు మాకోసం కూర్చుంటాడా?"

బుద్రి బండ మీద కూర్చుంది. కొండవ్వ మాట మెల్లమెల్లగా దిగింది. రండి నాయనా, ఇవాళ మాత్రం వద్దు, ఈ మంచు కిందే ఆగదు, పొద్దెక్కేసరికి పైకొస్తుంది, అంచు కనపడదు.

"అవ్వా, వాళ్ళు వెళ్ళిపోయారు."

"తెలుసు. నడుస్తున్నది నా వీపు మీదే కదా."

"నేను వెళ్ళి చెప్తాను."

కొండవ్వ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పద్ధతి తప్పింది. "వద్దు," అంది, మాట ఎత్తుకోవడమే దానితో.

బుద్రి కూడా మొదటిసారి ఆమె మాట ఆఖరిదాకా వినలేదు. అప్పటికే పరిగెడుతోంది.

పైన కుర్రాళ్ళు గంతులేస్తున్నారు. బుద్రి చెప్పింది విని నవ్వారు. కిందికి చూశాక నవ్వు ఆగిపోయింది. తెల్లటి సముద్రం గట్టెక్కుతోంది. పడమటి దారిన దిగండని ఆమె తరిమితే నలుగురూ దిగారు. జంగు మాత్రం తూర్పు అంచున ఉన్నాడు. బుద్రి అటు వెళ్ళింది. మంచు ఇద్దరి మధ్యకీ వచ్చేసింది.

జంగూ, ఇటు రా, నా గొంతు పట్టుకుని రా, అని ఆమె పిలిచింది. అతను ఆ గొంతు పట్టుకునే నడిచాడు. ఆమె పక్కనుంచే దాటాడు. దారి కాలికి తగలగానే ఒక్క ఊపున దిగిపోయాడు. వచ్చేశానన్న ఒక్క మాట అనలేదు.

ఆమెకెలా తెలుస్తుంది? పిలుస్తూనే ఉంది. పిలుస్తూ అంచువైపు ఒక్కో అడుగూ వేసింది. వదులైన బండ అక్కడే ఉంది.

మధ్యాహ్నం మంచు విడిపోయాక ఊరంతా కొండ కిందికొచ్చి బుద్రీ, బుద్రీ అని పిలిచింది. బుద్రీ, అని కొండవ్వ కూడా పిలిచింది. తూర్పు అంచు కింద చీపురు కోసే కొడవలి దొరికింది. ఆ పక్కనే బుద్రి. ఇంక పలకదు.

ఏం జరిగిందని సింగన్న కొడుకుని అడిగాడు. అవ్వే రమ్మంది, అన్నాడు జంగు. అబద్ధం కాదు. సగం నిజం, అబద్ధం కన్నా సుఖంగా ఉంటుంది. మేమూ విన్నాం అన్నారు నలుగురూ.

సింగన్న బండెక్కాడు. "రమ్మని పిలిచి పిల్లని మింగావు. తప్పు నీదే."

కొండవ్వకి చెప్పాల్సింది చాలా ఉంది. "రండి..." అని మొదలుపెట్టింది, అలవాటు కొద్దీ. చూసేసరికి అందరి వీపులూ ఆమెవైపున్నాయి. కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. కూర్చునే పిల్లని చాపలో చుట్టి మోసుకుపోతున్నారు.

కొండవ్వ అక్కడితో ఆపేసింది.

దారిలో సింగన్న మరోసారి వెనక్కి తిరిగాడు. "తప్పు నీదే," అని అరిచాడు.

"తప్పు నీదే," అంది కొండ. అదే గొంతు, అదే కోపం. ఒక్క అక్షరం తగ్గలేదు, ఒక్కటి కలవలేదు.

సంగతి తెలిసి మిగతా కొండలు కూడా నోళ్ళు మూసుకున్నాయి.

అప్పటినుంచే కొండ, మనం ఏమంటే అదే మనకి తిప్పి ఇచ్చేస్తుంది. మీరూ లోయ అంచున నిలబడి మీ పేరు మీరే అరుచుకుని, అది తిరిగొస్తే నవ్వుతారు కదా. మంచు ఎటు కదులుతోందో, ఏ బండ వదులైందో ఆమెకి ఇప్పటికీ తెలుసు. చెప్పదు.