మొదటి వెండి కలం

కూర్మారావుకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

వెండి కలం పురస్కారానికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయి. సముద్రతీరపు జిల్లాల్లో విలేకరిగా పనిచేసే ఎవరినడిగినా, చచ్చేలోగా ఒక్కసారైనా ఆ కలం జేబుకి పెట్టుకోవాలంటారు. అంతటి పురస్కారానికి చరిత్ర రాసే పని కూర్మారావుకి అప్పగించారు. రెండేళ్ళు కూర్చుని మూడు వందల పేజీలు రాశాడు. ఆ కట్ట తీసుకెళ్ళి, తనకి వార్త రాయడం నేర్పిన జగన్నాథం మాస్టారి చేతిలో పెట్టాడు. మొట్టమొదటి వెండి కలం అందుకున్నది ఆయనే మరి. ఆయన సరేనంటే తప్ప అచ్చుకివ్వకూడదని అనుకున్నాడు.

మాస్టారు చదివారు. పక్కన పెట్టారు. ఏమీ అనలేదు.

ఎనిమిదో రోజున ఉండబట్టలేక మళ్ళీ వెళ్ళాడు. మాస్టారు అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

"గురువుగారూ, రేపు సాయంత్రానికి ప్రెస్సులో ఇవ్వాలి. బాగుందో లేదో ఒక్క ముక్క చెప్పండి."

"మొదటి అధ్యాయం బాగా వచ్చిందనుకుంటున్నావా?"

"దాన్నే కదండీ అందరూ మెచ్చుకుంటున్నది! చదివిన ప్రతివాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు."

"అయితే అదొక్కటీ సంచీలో పెట్టుకో. పొద్దున్నే ఓ చోటికి వెళ్దాం. ఎండ పేలుస్తుంది, తలకి తువ్వాలు చుట్టుకు రా."

మర్నాడు మొదటి బస్సు దిగి, ఇద్దరూ సముద్రం వైపు నడిచారు. కనుచూపు మేరా ఉప్పు మడులే. ఒక మడిలో డెబ్బయ్యేళ్ళ మనిషి చీర ఎగ్గట్టి, పొడుగాటి కర్రకి బిగించిన చెక్కతో ఉప్పుని గట్టు వైపు లాగుతోంది.

"దాలమ్మా! మావాడు నీ గురించి రాశాడు. వింటావా?" అన్నారు మాస్టారు.

కూర్మారావు ఉలిక్కిపడ్డాడు. తన మొదటి అధ్యాయంలోని దాలమ్మ ఇంకా బతికే ఉంటుందని అతనికి తోచనే లేదు.

"నా గురించా? రాయడానికి ఇంకా ఏటుంది? సదవనీ, సదవనీ" అంది ఆమె, చేతిలో పని ఆపకుండానే.

అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తుఫాను మడుల్ని మింగేసిన ఏడాది. కుర్ర విలేకరి జగన్నాథం ఆ ఊరొచ్చిన రోజు. "నా బతుకు నీళ్ళపాలైంది బాబూ" అంటూ దాలమ్మ అతని కాళ్ళ మీద పడి బావురుమంది. ఆ కన్నీటి వార్త చదివి, 'తీరవాణి' పత్రిక పెట్టిన పాత్రో గారు కరిగిపోయారు. జేబులోని వెండి కలం తీసి ఆ విలేకరికి బహూకరించారు...

ఆమె చేతిలో చెక్క ఆగింది.

"ఎవులు పడ్డారు కాళ్ళ మీద?"

"నువ్వేనమ్మా."

"నానా! ఈయన కాళ్ళ మీదా!" దాలమ్మ పకపకా నవ్వింది. "ఆ దినం ఈయనకే జొరం. నానే గంజి కాసి పోసినాను. నా కళ్ళు ఎర్రగుంటే ఏడుపనుకున్నాడు. ఉప్పు మడిలో దిగినోళ్ళ కళ్ళు ఎప్పుడు తెల్లగుంటాయి బాబూ?"

"పత్రికలో కంటతడి పెట్టావనే ఉందమ్మా. ఆ పాత సంచిక నా కళ్ళతో చూశాను" అన్నాడు కూర్మారావు.

"ఉంటాది, ఎందుకుండదూ! ఆ పై వారంది సూసినావా?"

కూర్మారావు చూడలేదు. ఆ ఒక్క వారం పత్రికా చూసి, మిగతాదంతా ఏటేటా పురస్కార సభలకి వేసిన ప్రత్యేక సంచికల్లోంచి ఎత్తుకున్నాడు. మొదట్లో కంటతడి. పదేళ్ళకి ఏడుపు. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి కాళ్ళ మీద పడటం. అంతవరకూ ఎవరెవరో తెచ్చారు. బావురుమనిపించింది మాత్రం తనే.

"ఆ పేపరు అట్టుకుని ఈయన కాడికి నానే ఎల్లినాను" అంటోంది దాలమ్మ. "నానెప్పుడు ఏడ్సినాను? సర్కారోళ్ళు గట్లు ఎప్పుడేత్తారని కదా అడిగినాను, అది రాయలేదేటని దులిపేసినాను. పై వారం తప్పయిందని ఏసినాడు. నాలుగే నాలుగు ముక్కలు. అది సూసి పాత్రో బాబు ఈ గట్టు కాడికే వొచ్చినాడు. కలం నా సేతికిచ్చి, 'ఎవుల మీద తప్పు రాసినాడో ఆళ్ళే ఇయ్యాలమ్మా' అన్నాడు. నానే ఇచ్చినాను."

కూర్మారావు మాస్టారి వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా గురువుగారూ?"

"అడిగినవాళ్ళందరికీ ఈ ఊరి దారి చెప్పాను. బస్సు దిగి నడవాలనగానే ఆగిపోయారు."

"నాకైనా చెప్పొచ్చు కదండీ!"

"నేను చెబితే నా మాట రాసేవాడివి."

కూర్మారావు కాగితాలు మడిచి సంచీలో పెట్టేశాడు.

"అమ్మా, ఆ రోజు ఏం జరిగిందో మొదట్నించీ నాకు చెప్తావా?"

"సెప్తాను గానీ ఉండు. ఇదీ, ఆ పక్క రెండు మళ్ళూ లాగేసి వొత్తాను. మద్దేనం దాటిపోతాది మరి."

"సాయంత్రం ప్రెస్సుకివ్వాలన్నావే?" అన్నారు మాస్టారు.

కూర్మారావు చెప్పులు విడిచాడు. గట్టు మీద చతికిలబడి, దాలమ్మ ఉప్పు లాగడం చూస్తూ కూర్చున్నాడు.