మడమకు పూసిన మందు

కుళ్ళాయప్పకు ఎడమకాలి మడమలో నొప్పి. మొదలయ్యేది పిర్రలో. తొడ వెనక నుంచి పిక్కలోకి దిగి, చివరికి మడమ చేరి అక్కడే కాపురం పెట్టింది. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే నిలవనివ్వదు. తుమ్ము వస్తే గోడ పట్టుకోవాలి.

ఇంత పని చేసింది ఒక దూది మూట. తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన మనిషి, దూదే గదా అని నడుం వంచి ఒక్క ఊపున ఎత్తబోయాడు. లోపల ఏదో పటుక్కుమంది. దూది ఎత్తి నడుం విరగ్గొట్టుకున్నానని ఏ ముఖంతో చెప్పుకుంటాడు? మెట్టు జారి పడ్డానని ఊరంతా నమ్మించాడు.

అయితే అతన్ని నిద్రపోనివ్వనిది ఆ కాలు కాదు, గంధం గిన్నె.

మల్లేలకుంట కొండ మీది దర్గాకు ఏటా ఉరుసులో గంధం పోతుంది. కొండకింద గురువు బుడేసాబు తాత ఇంట్లో శిష్యులంతా కూర్చుని చందనం అరగదీసి ఇత్తడి గిన్నెకెత్తుతారు. మీద పచ్చగుడ్డ, ఆ మీద మల్లెపూలు. తాత చెప్పిన శిష్యుడు దాన్ని తలకెత్తుకుని కొండెక్కాలి. మొదటి మెట్టు దగ్గర చేతులు గుండెల మీద కట్టుకుంటే మళ్ళీ దర్గా గడపలోనే విప్పాలి. నడుమ గిన్నెకు చెయ్యి తగిలిందా, మరుసటి ఏడు మోత ఇంకొకరిది. కింద పడిందా, ఆ మనిషి మళ్ళీ ఆ కొండవైపు తలెత్తి చూడలేడు.

పెళ్ళయిన కొత్తలో ఎత్తుకున్న గిన్నెను, కూతురి పెళ్ళి చేసేదాకా కుళ్ళాయప్పే మోశాడు. ఒక్కసారీ చెయ్యి తగల్లేదు. ఆ ఊళ్ళో ఏ వీధిలో పిలిచినా ఒక కుళ్ళాయప్ప పలుకుతాడు గానీ, గంధం కుళ్ళాయప్ప అంటే ఇతనొక్కడే.

ఈ ఏడు గిన్నె మౌలాలికి ఇచ్చారు. మౌలాలి ఆటో తోలుతాడు. నిన్నగాక మొన్న తాత దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. పాతికేళ్ళవాడు, మెడ నిటారుగా ఉంటుంది. శుక్రవారం నమాజులో కుళ్ళాయప్ప వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ముందు వరసలో మౌలాలి ఒక్క ఊపులో నేలకు వంగి, అంతే ఊపులో లేచేవాడు. దేవుడి ఎదుట కూర్చుని కుళ్ళాయప్ప చూసింది ఆ నడుమునే.

వైద్యం మాత్రం జోరుగా సాగింది. భార్య ఖాసింబీ రోజూ మడమకు తైలం పట్టించింది, ఉప్పు మూట కాచి పెట్టింది. చెప్పులు మార్చారు. ఆపరేషన్ చేయించుకొమ్మని ఒకరు, చేయించుకుంటే మంచం దిగవని ఇంకొకరు చెరో చెవిలో ఊదారు. చివరికి అల్లుడు టౌను ఆసుపత్రికి తీసుకుపోయి స్కానింగు తీయించాడు.

తిరిగొచ్చినరోజే కుళ్ళాయప్ప తాత దగ్గరికి పోయి, డాక్టరు చెప్పిన సంగతి తానే కనిపెట్టినట్టు చెప్పాడు.

"కాలి తప్పేం లేదంట తాతా. నడుంలో ఎముకల మధ్య మెత్తటి బిళ్ళ పక్కకు జరిగి నరాన్ని నొక్కుతాందంట. పుట్టేది నడుంలో, ఏడ్చేది మడమలో. ఇన్నాళ్ళూ మడమకు పూసిందంతా వట్టిదే."

తాత బొంత కుడుతున్నాడు. సూది ఆపి, "ఇది బాగుందే" అన్నాడు. ఆపరేషన్ సంగతి అడిగాడు. ఇప్పుడు అక్కర్లేదన్నారని కుళ్ళాయప్ప చెప్పాడు. పాదం పట్టు తప్పినా, ఒంటేలు మీద అదుపు పోయినా పరుగెత్తుకు రమ్మన్నారు. లేకుంటే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుందట. వంగి బరువెత్తకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు. గట్టి నేల మీద బోర్లా పడుకుని మోచేతుల మీద రొమ్ము ఎత్తాలి. ఓర్చుకున్నంత నడవాలి. అన్నిటికంటే వింత సంగతి ఇంకొకటి. నయమయ్యేటప్పుడు నొప్పి మడమను వదిలి పిక్కకు, పిక్క నుంచి తొడకు ఎక్కి నడుం చేరుతుందట. నడుంలో ఎక్కువైనా భయపడొద్దు, కాల్లో తగ్గుతూ ఉంటే మంచిదే అన్నాడట డాక్టరు.

తాత అంతా పిల్లవాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. ఇంట్లో ఎటు చూసినా పరుపులే ఉన్న కుళ్ళాయప్పకు తన వసారాలో ఒక చాప పరిచాడు. రోజూ తెల్లవారగానే వచ్చి పడుకొమ్మన్నాడు. వచ్చి పడుకోగానే ఒకటే ప్రశ్న.

"యాడుందప్పా?"

"మడమలోనే తాతా."

ఆ చాపతో ఒక చిక్కు వచ్చిపడింది. బోర్లా పడుకుని మోచేతుల మీద లేస్తే ఎదురుగా కనబడేది వాకిలి. వాకిట్లో నీళ్ళ గిన్నె నెత్తిన పెట్టుకుని మౌలాలి నడక నేర్చుకుంటున్నాడు. తల దించితే చాప, ఎత్తితే మౌలాలి. డాక్టరేమో ఎత్తమన్నాడు.

గిన్నె మోసినవాడే తర్వాతివాడికి దారి చెప్పాలని అక్కడి ఆచారం. ఇంకెవరూ నోరెత్తకూడదు, తాత కూడా. "మౌలాలికి చెప్పప్పా" అని మాత్రం అన్నాడు తాత. కుళ్ళాయప్ప చెప్పాడు. ఏ మెట్టు కదులుతుందో, ఎక్కడ నిలబడి ఊపిరి పీల్చుకోవాలో అన్నీ చెప్పాడు. ఒకటి తప్ప.

కొండ సగంలో గాలిబండ ఉంది. రెండు గుట్టల సందులోంచి గాలి అక్కడ మనిషిని తోసేస్తుంది. పచ్చగుడ్డ ఉబ్బి, నున్నటి ఇత్తడి గిన్నె తల మీది చుట్టకుదురు మీద జారుతుంది. జారకుండా ఉండాలంటే కుదురు మడతల్లో తడిపిన దూది పొర పెట్టుకోవాలి. తడిదూది మీద గిన్నె అడుగు కరుచుకుని కూర్చుంటుంది. పైకి ఏమీ కనబడదు. దూదేకులవాళ్ళు కనిపెట్టిన కిటుకు, మోసేవాడి చెవి నుంచి మోసేవాడి చెవికి వస్తూ ఉంది. కుళ్ళాయప్ప చెవి దగ్గర ఆగిపోయింది.

మౌలాలి కొండ మీదికి నీళ్ళ గిన్నె మోసుకుపోయిన ప్రతిసారీ గాలిబండ దగ్గర చెయ్యి పైకి లేచింది. ఒకసారి తలంతా తడిసి వచ్చాడు. నేరుగా వసారాలోకి వచ్చి, చాప పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"మామా, ఆ బండ కాడ గిన్నె నిలవడంల్యా. ఏం చేయాల?"

కుళ్ళాయప్ప తల పక్కకు తిప్పుకుని, "అలవాటైతాదిలే" అన్నాడు.

ఆ పూట అతనికి కాలు నొప్పి తెలియలేదంటే నమ్మండి. సంతోషం అంత పనిచేసింది. ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. కానీ ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా ఆగలేదు. ఒకవేళ అందరి ముందూ గిన్నె పడిపోతే ఆ కుర్రవాడి గతేమిటని ఒక ఆలోచన వచ్చింది. పడితే పడనీ, అప్పుడు గదా నా విలువ తెలిసేది అని ఇంకొకటి వచ్చి దాన్ని నెట్టేసింది.

నొప్పి మెల్లగా మడమను వదిలింది. పిక్కలోకి, ఆ తర్వాత మోకాలి వెనక్కి వచ్చింది. నొప్పి తగ్గే కొద్దీ నోరు లేచింది. తాత "యాడుందప్పా" అనడమే ఆలస్యం, ఒక ముక్క కాలి గురించి చెప్పి మిగతాదంతా మౌలాలి గురించి చెప్పేవాడు. వాడు నడుస్తూ కూనిరాగం తీస్తాడు, గిన్నె మోసేవాడు అట్లా తీయొచ్చా? వాడి ఆటోలో పాటలు విన్నారా? నిన్న గిన్నెను నేలమీద దించాడు, పీట వేయలేదు. తాత బొంత కుడుతూ ఊఁ కొట్టేవాడు. ఒక్క ఊఁ కూడా ఎక్కువ కొట్టేవాడు కాదు.

ఉరుసు దగ్గర పడింది. గంధం అరగదీస్తున్న వాసన వీధంతా వస్తోంది. ఆ ఉదయం కుళ్ళాయప్ప చాప మీద పడుకోకుండానే, నొప్పి కాల్లో బొత్తిగా లేదని, అంతా నడుంలోకి వచ్చేసిందని తాతకు చెప్పాడు. గొంతు తగ్గించి, ఈ ఏటికి కూడా గిన్నె తానే ఎత్తుకుంటానన్నాడు.

"డాక్టరు ఎత్తుకోమన్నాడా?" అన్నాడు తాత.

అప్పుడే వాకిట్లోకి మౌలాలి వచ్చాడు, గిన్నె నెత్తిన, చేతులు గుండెల మీద. అతన్ని చూడగానే కుళ్ళాయప్పకు ఇన్నాళ్ళూ అణచుకున్నది తన్నుకొచ్చింది.

"వాన్ని చూస్తే నాకు మంట తాతా. దాచేదేముంది? ఈడ, కడుపులో, నిప్పు పోసినట్టు మంట."

తాత సూది గుచ్చి పక్కన పెట్టాడు. లోపలికి పోయి తైలం సీసా తెచ్చాడు. మౌలాలిని పిలిచి, గిన్నె దింపించి, అరుగు మీద కూర్చోబెట్టాడు. చొక్కా గుండీలు తనే విప్పి, అరచేతిలో తైలం పోసుకుని, ఆ కుర్రవాడి కడుపుకు నిదానంగా, శ్రద్ధగా పూయడం మొదలుపెట్టాడు. పసిబిడ్డకు పట్టించినట్టు బొడ్డు చుట్టూ పట్టించాడు. మౌలాలికి చక్కిలిగింత ఒకపక్క, భయం ఒకపక్క. ఏమీ అడగలేక బిగుసుకుని కూర్చున్నాడు.

కుళ్ళాయప్ప కొంతసేపు చూశాడు. చివరికి ఉండబట్టలేక, "మంట నాకు తాతా" అన్నాడు.

తాత చేయి ఆపాడు.

"నీకేనా? వాన్ని చూస్తే అంటివి గదప్పా. వానికి పూస్తే పోతాదేమో అనుకుంటి."

సీసాకు బిరడా పెట్టి, చేయి తుడుచుకుని, మళ్ళీ బొంత దగ్గరికి పోయాడు. మౌలాలి గుండీలు పెట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గిన్నె తీసుకుని బయటపడ్డాడు. వసారా అంతా కర్పూరం వాసన.

కుళ్ళాయప్ప చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆ పూట రొమ్ము ఎత్తలేదు. ముఖం చాపకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

చాలాసేపటికి, డాక్టరు నేర్పినట్టు పక్కకు ఒత్తిగిలి, చేతి ఊతంతో లేచాడు. ఇంటికి పోయి, తాను ఏకిన దూదిలోంచి ఒక గుప్పెడు తీసుకుని నీళ్ళలో ముంచి పిండాడు. ఆటోస్టాండులో మౌలాలి ఆటో తుడుచుకుంటున్నాడు. దగ్గరికి పోతుంటే అతని ఒంటి మీది తైలం వాసన ఎదురొచ్చింది.

"కుదురు తీసుకురాప్పా" అన్నాడు కుళ్ళాయప్ప.

మౌలాలి తెచ్చాడు. కుళ్ళాయప్ప ఆటో వెనక సీటు మీద కుదురు పెట్టి, మడతలు విప్పి, తడిదూది పొర పరిచి, మళ్ళీ చుట్టి, అతని తలమీద పెట్టి గట్టిగా అదిమాడు. మౌలాలి గిన్నె ఎత్తుకుని తల అటూ ఇటూ ఊపి చూశాడు. గిన్నె కదల్లేదు. అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇంతేనా మామా?"

"ఇంతే."

మౌలాలి గిన్నె దించి, వంగి అతని కాళ్ళు ముట్టుకోబోతే కుళ్ళాయప్ప వెనక్కి జరిగాడు. అంత పుణ్యం తనకు మిగిలి లేదని అతనికి తెలుసు.

ఉరుసు నాడు, ఎండ తగ్గాక గంధం కదిలింది. తప్పెట్లు ముందు, ఫకీర్లు వెనక, వాళ్ళ నడుమ మౌలాలి. కుళ్ళాయప్ప అందరికంటే వెనక, ఒక కర్ర పట్టుకుని, ఆగి ఆగి ఎక్కుతున్నాడు. పక్కన బుడేసాబు తాత. అతనికి నడుం బాగానే ఉంది గానీ వయసు ఉంది. ఇద్దరి నడకా సరిపోయింది.

గాలిబండ దగ్గరికి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా లేచింది. పచ్చగుడ్డ ఉబ్బింది. మల్లెలు నాలుగు రాలి ఎగిరిపోయాయి. మౌలాలి చేతులు గుండెల మీదే ఉన్నాయి. గిన్నె నాటినట్టు నిలబడింది. అతను ఒక్కొక్క మెట్టే ఎక్కి మలుపు వైపు సాగాడు.

ఎవరో ఆడమనిషి పక్కనున్నామెతో అంటోంది, గంధం మౌలాలి ఎంత నిబ్బరంగా నడుస్తున్నాడో చూడమని.

గంధం మౌలాలి. కుళ్ళాయప్ప నిలబడిపోయాడు. నిజం చెప్పాలంటే, మండింది. దూది తానే తడిపి, తానే చుట్టి, తానే తల మీద పెట్టి కూడా మండింది.

తాత కూడా ఆగాడు. మలుపు వైపు చూడలేదు. కుళ్ళాయప్ప వైపే చూసి, రోజూ అడిగే మాటే అడిగాడు.

"యాడుందప్పా?"

కుళ్ళాయప్ప వెతుక్కున్నాడు. మడమలో లేదు. పిక్కలో లేదు. తలెత్తి, మలుపు దాటి పోతున్న ఆ నిటారు మెడను చూశాడు. అక్కడా లేదు.

"నా కాడనే ఉంది తాతా."

"ఇల్లు చేరింది గదా" అన్నాడు తాత. "ఇంక తగ్గుతాది. పద."