నాలుగు డిగ్రీల మజ్జిగ

సాలూరు దగ్గర కొండవార ఆశ్రమంలో సోమచైతన్య అనే శిష్యుడికి ఫ్రిజ్జు అప్పగించారు. ఆనాటి నుంచి అతనికి ధ్యానం లేదు, జపం లేదు. ఎప్పుడు చూసినా ఆ ఫ్రిజ్జుతోనే యుద్ధం.

పెరుగు గడ్డ. మజ్జిగ గడ్డ. కొత్తిమీర నల్లగా కమిలిపోయింది. మీట తగ్గించాడు, తలుపు రబ్బరు తుడిచాడు, ఒక పూటంతా ఆపి మళ్ళీ వేశాడు. అయినా అదే తంతు. తలుపు మీది అంకె మాత్రం నాలుగు డిగ్రీలే చూపిస్తోంది. ఉండాల్సిన చల్లదనం సరిగ్గా అంతే. ఇక తప్పంతా దాన్ని తెరిచి మూసే మనుషులదేనని తేల్చేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. ఈ మహానుభావుడు దుత్త మీద కోపం మనుషుల మీద చూపాడు.

అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది వంటావిడ అప్పలనరసమ్మ. ఆవిడ ఇన్సులిన్ ఆ ఫ్రిజ్జులోనే ఉండేది. రోజూ సూది వేసుకుంటున్నా షుగరు దిగడం లేదు. కళ్ళు తిరిగి పొయ్యి మీద పడబోయింది కూడా.

"మందు గడ్డ కట్టీసింది బాబూ. కరిగినాక సూదేసుకుంటన్నాను గానీ పన్జెయ్యట్నేదు," అంది.

"నాలుగు డిగ్రీల్లో మందు గడ్డకడుతుందా అమ్మా? ప్రసాదం బెల్లం దొంగచాటుగా తింటున్నావు, అదీ సంగతి!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం, ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

సోమచైతన్య నేరుగా పెద్దస్వామి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, ఫ్రిజ్జు బాగానే ఉంది, మనుషులే బాగోలేరు. నా వల్ల కాదు. ఈ పని ఇంకెవరికైనా చెప్పండి."

పెద్దస్వామి లేచి వచ్చి ఫ్రిజ్జు తెరిచారు. గిన్నెలోంచి మజ్జిగ గడ్డ పెకలించి శిష్యుడి అరచేతిలో పెట్టారు. తన రెండు చేతులతో అతని వేళ్ళు గట్టిగా మూసి పట్టుకున్నారు.

"అంకె ఎంత ఉంది?"

"నాలుగు స్వామీ."

"అయితే పట్టుకో."

కాసేపటికి శిష్యుడి ముఖం మారింది. "చెయ్యి కొరికేస్తోంది స్వామీ."

"నాలుగే కదా నాయనా."

"మొద్దుబారిపోతోంది స్వామీ, వదలండి!"

"అంకె చూసి చెప్పు."

"అంకెతో నాకేం పని స్వామీ! చెయ్యి నాది, నాకు తెలీదా?"

అరిచాక తన మాట తనకే వినిపించింది. పెద్దస్వామి చేతులు తీసేశారు. మజ్జిగ గడ్డ నేలమీద పడి పగిలింది.

సోమచైతన్య ఆ ముక్కల్నీ, తలుపు మీది అంకెనీ మార్చి మార్చి చూశాడు.

"సెన్సరు పాడైంది స్వామీ. లోపల గడ్డకడుతున్నా దానికి తెలియడం లేదు. మెకానిక్‌ని పిలిపిస్తాను. ఆవిడకి కొత్త మందు ఇప్పుడే తెప్పిస్తాను."

"ఆ రెంటికీ ఎవరినైనా పంపొచ్చు," అన్నారు పెద్దస్వామి. "వంటింట్లోకి మాత్రం నువ్వే వెళ్ళాలి."